నల్లబడ్డదంతా మాగినట్టు కాదు

(ఇంటితోటలు పెంచేవారి సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం.

నన్ను కంపోస్టు లాభాల గురించి మాట్లాడమన్నారు. ఆ లాభాలు మీకు నేను కొత్తగా చెప్పేదేముంది, ఇక్కడున్న వాళ్లలో చాలామంది నాకంటే పెద్ద కుప్పలే పోస్తున్నారు. అందుకని కాస్త పక్కకు జరిగి, కంపోస్టు చేసే నష్టం గురించి మాట్లాడతాను. (నవ్వులు) అందులోనూ గింజకు చేసే నష్టం.

ఫిర్యాదు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. కంపోస్టు నల్లగా ఉంది, పొడిపొడిగా ఉంది, చేత్తో తీస్తే అంటుకోవడం లేదు. అందులో గింజలు వేస్తే సగం కూడా లేవలేదు. లేచినవి రెండాకుల దగ్గరే ఆగిపోయాయి. వెంటనే నెపం విత్తనం మీదకు నెట్టేస్తాం. పాతదనీ కల్తీదనీ అంటాం. అదే పొట్లంలో మిగిలిన గింజలు మామూలు మట్టిలో వేస్తే శుభ్రంగా మొలుస్తాయి. అంటే తేడా గింజలో లేదు, గింజ చుట్టూ ఉన్నదాంట్లో ఉంది.

మొలకను అడ్డుకునే పదార్థాలు కంపోస్టులో చాలా రకాలు ఉంటాయి. వాటిలో కొన్ని ఆగితే పోతాయి. కొన్ని ఎన్నాళ్లు ఆగినా తేలిగ్గా పోవు. కొన్ని ఆగేకొద్దీ చిక్కబడతాయి కూడా. మనం అందరికీ ఇచ్చే సలహా ఏమిటి? "ఇంకో నెల మాగనివ్వండి." అది మొదటి రకానికే పనిచేస్తుంది. మిగతా రెండింటి విషయంలో ఆ నెల వృథా. కాబట్టి ముందు దోషి ఎవరో తేల్చుకోవాలి.

గింజ వైపు నుంచి మొదలుపెడదాం. గింజ నీళ్లు పీల్చుకుని ఉబ్బుతుంది, లోపల దాచుకున్న పిండిపదార్థాన్నీ నూనెనూ విడగొట్టుకుంటుంది, గట్టిగా శ్వాసిస్తుంది, చివరికి పొట్టు చీల్చుకుని వేరుమొన బయటపెడుతుంది. ఇంతవరకూ దానికి బయటి నుంచి ఎరువు అక్కర్లేదు. తడిగుడ్డలో కట్టినా మొలుస్తుంది. అందుకే "నత్రజని చాలక మొలవలేదు" అనే మాట నేను ఒప్పుకోను. రంపపు పొట్టులాంటివి ఎక్కువైన కంపోస్టులో సూక్ష్మజీవులు నత్రజనిని లాగేసుకునే మాట నిజమే. కానీ ఆ దెబ్బ మొలిచాక, ఆకులు పసుపెక్కడంలో కనిపిస్తుంది. అసలు మొలవకపోవడానికి కారణం వేరే. నీరు లోపలికి వెళ్లకుండా ఏదో ఆపి ఉండాలి, ఆక్సిజన్ అందకపోయి ఉండాలి, లేదా విషం కణంలోకి దూరి ఉండాలి. చిన్న గింజలకు ఈ దెబ్బ ఎక్కువ. చిక్కుడు గింజ తన దగ్గరున్న నిల్వతో కొంత తట్టుకుంటుంది. తోటకూర గింజకు ఆ నిల్వ ఎక్కడిది?

ఇప్పుడు కుప్పలోకి వెళదాం.

కుప్ప పోసిన మొదటి రోజుల్లో చక్కెరలు, పిండిపదార్థాలు సూక్ష్మజీవులకు సులభంగా దొరుకుతాయి. అవి ఎంత వేగంగా తింటాయంటే, కుప్ప మధ్యలో ఉన్న ఆక్సిజన్ అయిపోతుంది. గాలి ఉంటే ఆ చక్కెర కార్బన్ డయాక్సైడ్‌ దాకా వెళ్లేది. గాలి లేకపోవడంతో సగం దారిలో ఆగి సేంద్రియ ఆమ్లాలుగా మిగులుతుంది. వాటిలో ముఖ్యమైనది ఎసిటిక్ ఆమ్లం, వెనిగర్‌లో ఉండేది అదే. దానితోపాటు ప్రొపియోనిక్, బ్యూటిరిక్ ఆమ్లాలు. కుప్పను గడ్డపారతో తెరిచినప్పుడు పుల్లగా, ముక్కు మూసుకోవాలనిపించే వాంతి వాసన వస్తే అది బ్యూటిరిక్ ఆమ్లం. పులుపును కొలిచే అంకె పీహెచ్ (7 కంటే ఎంత తగ్గితే అంత పులుపు) 5 దాకా, ఒక్కోసారి ఇంకా కిందికి పడిపోతుంది.

ఈ ఆమ్లాలు ఏ మోతాదులో ఉంటే ముప్పు? కిలో కంపోస్టులో ఎసిటిక్ ఆమ్లం సుమారు 300 మిల్లీగ్రాములు దాటితే క్రెస్, అంటే మనం ఆదిత్యాలు అనే వాటి మొలకల ఎదుగుదల దెబ్బతింటుందని 1981లోనే రాశారు. కానీ ఈ ఒక్క అంకెను పట్టుకుని కూర్చుంటే మోసపోతాం. అదే మోతాదు ఒక చోట మొలకను చంపుతుంది, ఇంకో చోట ఏమీ చేయదు. ఎందుకో చెబుతాను. కాస్త రసాయనశాస్త్రం ఓర్చుకోండి, దీంట్లోనే అసలు విషయం ఉంది.

నీటిలో ఎసిటిక్ ఆమ్లం రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి విద్యుదావేశం ఉన్నది, రెండోది లేనిది. కణపు పొర కొవ్వుతో చేసినది కాబట్టి ఆవేశం ఉన్నది అంత తేలిగ్గా దాటలేదు. ఆవేశం లేనిది మాత్రం జారిపోతుంది. లోపల పీహెచ్ 7 పైన ఉంటుంది కాబట్టి వెళ్లీ వెళ్లగానే అది విడిపోయి హైడ్రోజన్ అయాన్‌ను వదులుతుంది. కణం లోపల పులిసిపోతుంది. ఆ అయాన్లను బయటికి తోడిపోయడానికే వేరుమొన కణాలు తమ శక్తంతా ఖర్చుపెడతాయి, ఇక పెరగడానికి ఏం మిగులుతుంది? ఇప్పుడు అంకెలు చూడండి. పీహెచ్ 5 దగ్గర ఎసిటిక్ ఆమ్లంలో దాదాపు 36 శాతం ఆ ఆవేశం లేని, దూరిపోయే రూపంలో ఉంటుంది. పీహెచ్ 7 దగ్గర 0.6 శాతం కూడా ఉండదు. ఆమ్లం మొత్తం పరిమాణం మారలేదు, దూరిపోయే వాటా మాత్రం అరవై రెట్లకు పైగా పడిపోయింది.

వెంటనే మీలో ఒకరు అడుగుతారు, "అయితే సున్నం చల్లేస్తే సరి కదా?" అని. నిజంగానే చాలామంది చల్లుతారు. బూడిద కూడా గుప్పిస్తారు. ఇక్కడే రెండో దోషి తయారుగా ఉంటాడు. అమ్మోనియా.

అమ్మోనియాకూ రెండు రూపాలే. ఆవేశం ఉన్న అమ్మోనియం, ఆవేశం లేని అమ్మోనియా. కణంలోకి జారిపోయేది మళ్లీ ఆవేశం లేనిదే. కానీ ఇది ఆమ్లానికి సరిగ్గా తిరగబడి ఉంటుంది. పీహెచ్ 7 దగ్గర అమ్మోనియా రూపం 0.6 శాతం లోపే. పీహెచ్ 9 దగ్గర 36 శాతం. అవే అంకెలు, అటు నుంచి ఇటు! ఇది 25 డిగ్రీల దగ్గరి లెక్క. కుప్ప వేడిగా ఉంటే అమ్మోనియా వాటా ఇంకా ఎక్కువే. పచ్చి ఆకులు, పశువుల పేడ, కోళ్ల ఎరువు ఉన్న కుప్ప మీద సున్నం చల్లితే పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టే. ఆమ్లం దెబ్బ తగ్గి అమ్మోనియా దెబ్బ మొదలవుతుంది. పైగా నత్రజని గాలిలో కలిసిపోతుంది, అది వేరే నష్టం. నా ఉద్దేశంలో కంపోస్టు కుప్పకు సున్నం అవసరమే లేదు. పుల్లబడ్డ కుప్పకు కావలసింది గాలి. తిరగేయండి. గాలి తగిలితే సూక్ష్మజీవులే ఆ ఆమ్లాన్ని తినేస్తాయి, అది వాటికి ఆహారమే.

నిజానికి ఏ కుప్ప అయినా సున్నం లేకుండానే ఈ రెండు దశలూ దాటుతుంది. ఆమ్లాలు ఖర్చయిపోయాక కుప్ప 55, 60 డిగ్రీలకు వేడెక్కుతుంది. మాంసకృత్తులు విరిగి అమ్మోనియా విడుదలవుతుంది, పీహెచ్ 8 పైకి ఎక్కుతుంది. కళ్లు మండే ఘాటు అప్పుడే. తర్వాత కుప్ప చల్లారుతుంది. ఇక్కడ మనం చేసే పని ఏమిటి? "వేడి తగ్గింది, అయిపోయింది" అని జల్లెడ పట్టి బస్తాలకు ఎత్తేస్తాం. కానీ అమ్మోనియాను నైట్రేటుగా మార్చే బ్యాక్టీరియా 40 డిగ్రీలు దాటిన వేడిలో పెద్దగా పనిచేయవు. అవి పనిలోకి దిగేదే చల్లారాక. మాగడం అని దేన్నంటున్నామో అది అప్పుడు మొదలవుతుంది, అది వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. రంగు మాత్రం వేడి దశలోనే నల్లబడిపోతుంది. అందుకే రంగును నమ్మకండి అంటున్నాను.

మూడోది ఫినాలిక్ సమ్మేళనాలు. చెక్క, బెరడు, గడ్డి, ఆకుల్లో లిగ్నిన్ అని గట్టి పదార్థం ఉంటుంది. అది విరిగేటప్పుడు ఫెరూలిక్, వనిలిక్ ఆమ్లాల వంటివి బయటపడతాయి. కొన్ని మొక్కలైతే ఇలాంటి వాటిని పొరుగు మొక్క మీద ప్రయోగించడానికే తయారుచేస్తాయా అన్నట్టు ఉంటాయి. నల్ల వాల్‌నట్ చెట్టులోని జుగ్లోన్ ప్రసిద్ధమైన ఉదాహరణ. ఒక మొక్క రసాయనాల ద్వారా ఇంకో మొక్కను ప్రభావితం చేయడాన్ని అల్లెలోపతి అంటారు. 1937లో హాన్స్ మోలిష్ అనే ఆస్ట్రియా శాస్త్రవేత్త ఈ పేరు పెట్టారు. వీటి గురించి అందరికీ భయం ఎక్కువ గానీ, నేనైతే ఎక్కువ దిగులుపడను. గాలి ఆడే కుప్పలో జుగ్లోన్ కొద్ది వారాల్లో విరిగిపోతుంది. ఫినాలిక్ ఆమ్లాల్లో చాలా భాగం ఒకదానితో ఒకటి ముడిపడి హ్యూమస్‌లో కలిసిపోతుంది. ప్రమాదం ఎప్పుడంటే, తాజా ఆకులను, తాజా రంపపు పొట్టును కుళ్లబెట్టకుండా నేరుగా నారుమడిలో కలిపినప్పుడు.

ఇక్కడితో ఆగితే పోయేవి అయిపోయాయి. ఇక మొండివి.

ఉప్పు సంగతి చూడండి. పశువుల ఎరువులో, వండిన పదార్థాల వ్యర్థాల్లో పొటాషియం, సోడియం, క్లోరైడ్ లవణాలు దండిగా ఉంటాయి. సూక్ష్మజీవులు కార్బన్‌ను తిని గాలిలోకి వదులుతాయి, ఉప్పును తినలేవు. కుప్ప ఎండు బరువు సగానికి తగ్గిందనుకోండి, కడిగిపోకుండా ఉన్న లవణం అంతా ఆ సగంలోనే ఉంటుంది. కిలోకు చూస్తే రెట్టింపు అయినట్టు. కాబట్టి బాగా మాగిన కంపోస్టులో ఉప్పు ఎక్కువగా ఉండటం వింతేమీ కాదు. ఈ ఉప్పు నీటిని గింజలోకి వెళ్లనివ్వదు. తడి కనిపిస్తూనే ఉంటుంది, గింజ మాత్రం సరిగ్గా ఉబ్బదు. దీనికి మందు ఎదురుచూడటం కాదు, నీళ్లతో కడగడం. లేదా మట్టిలో పలచన చేయడం. ఉత్త కంపోస్టులో గింజలు వేసే అలవాటు మానుకుంటే ఈ సమస్య చాలావరకు రాదు.

అన్నిటికంటే నాకు భయం కలిగించేవి కలుపు మందుల అవశేషాలు. క్లోపైరాలిడ్, అమైనోపైరాలిడ్, పిక్లోరామ్. ఇవి గడ్డిజాతిని వదిలేసి వెడల్పాకుల కలుపును చంపుతాయి. గడ్డి మీద చల్లుతారు, గడ్డి పచ్చగానే ఉంటుంది. ఆ గడ్డిని పశువు తింటుంది, పశువుకు ఏమీ కాదు. మందు మూత్రంలో, పేడలో దాదాపు చెక్కుచెదరకుండా బయటికి వస్తుంది. ఆ పేడ కుప్పలోకి వస్తుంది, వేడిని తట్టుకుంటుంది, కంపోస్టులో మిగులుతుంది. 2000 ప్రాంతంలో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో స్పోకేన్ నగరపు కంపోస్టు వాడినవాళ్ల మొక్కలు మెలితిరిగిపోయాయి. వెతికితే క్లోపైరాలిడ్ దొరికింది. 2002లో ఆ రాష్ట్రం ఇళ్ల పచ్చికల మీద దాని వాడకాన్ని నిషేధించింది. 2008లో బ్రిటన్‌లో ఇలాగే అమైనోపైరాలిడ్ ఉన్న పశువుల ఎరువు కూరగాయల తోటలను దెబ్బతీస్తే, అక్కడ ఆ మందు అమ్మకాల అనుమతిని కొంతకాలం నిలిపేశారు.

వీటి మోతాదు ఎంతనుకుంటున్నారు? వంద కోట్ల వంతుల్లో కొద్ది వంతులు చాలు, టమాటా, చిక్కుడు, బఠాణీ మొక్కలను వికారం చేయడానికి. ఒక్క మాట, ఇవి గింజ మొలవకుండా ఆపడం తక్కువ. మొలిచాక కొత్త ఆకులు దొన్నెలా ముడుచుకుంటాయి, కాడ మెలితిరుగుతుంది. గింజ లేచింది కదా అని నిశ్చింతగా ఉంటే మూడో వారంలో బయటపడుతుంది.

మరి ఏది ఏదో తెలుసుకోవడం ఎలా? ప్రయోగశాలకు పంపొచ్చు. కానీ గింజే చవకైన ప్రయోగశాల. ఇటలీకి చెందిన ఫ్రాంకో జుక్కోనీ, ఆయన సహచరులు 1981లో దీన్నొక లెక్కగా మార్చారు. ఆ క్రెస్ గింజలే వాడారు. అవి దొరక్కపోతే ముల్లంగి గింజలు చాలు. ఒక వంతు కంపోస్టును పది వంతుల నీళ్లలో కలిపి, బాగా కదిపి, వడగట్టండి. మూతపెట్టే పళ్లెంలో వడపోత కాగితం పరిచి, ఆ నీటితో తడిపి గింజలు పేర్చండి. ఇంకో పళ్లెంలో ఉత్త మంచినీళ్లతో అన్నే గింజలు. రెండూ చీకట్లో, 25 డిగ్రీలకు అటూ ఇటూ ఉండే చోట రెండు మూడు రోజులు ఉంచండి. తర్వాత మొలిచినవి లెక్కపెట్టి, ఒక్కో వేరు పొడవు కొలవండి.

చాలామంది మొలిచినవి లెక్కపెట్టి ఆపేస్తారు. అసలు సాక్ష్యం వేరులో ఉంటుంది. ఉదాహరణకు, నీళ్ల పళ్లెంలో 19 మొలిచాయి, సగటు వేరు 30 మిల్లీమీటర్లు. కంపోస్టు పళ్లెంలో 17 మొలిచాయి, సగటు 18 మిల్లీమీటర్లు. నీళ్ల పళ్లెంతో పోల్చి మొలక మాత్రమే చూస్తే 89 శాతం, ఏం ఫర్వాలేదనిపిస్తుంది. వేరు చూస్తే 60 శాతమే. రెండూ గుణించి వందతో భాగిస్తే 54 దగ్గర వస్తుంది. అదే మొలక సూచిక. 50కి తక్కువైతే గట్టి విషం ఉన్నట్టు, 80 దాటితే నిశ్చింతగా వాడుకోవచ్చు అని సాధారణంగా లెక్క. మంచి కంపోస్టులో వంద దాటడం కూడా ఉంది, కంగారుపడకండి.

ఒక భూతద్దం తీసుకుని వేరుమొన చూడండి. నీళ్ల పళ్లెంలోది తెల్లగా, మొన సన్నగా, దాని వెనక నూగులా వేరుకేశాలు. పచ్చి కంపోస్టు నీళ్లలోది పొట్టిగా, మొన గోధుమరంగుకు తిరిగి మొద్దుబారి ఉంటుంది, నూగు ఉండదు. ఒక్కోసారి మొలక ఆ తడి నుంచి తప్పించుకోవడానికన్నట్టు వేరును పైకి వంచేస్తుంది. ఒకసారి చూస్తే మళ్లీ ఎవరూ చెప్పక్కర్లేదు.

పరీక్షలో తప్పిందనుకోండి. అప్పుడు కంపోస్టులో కొంత తీసి పలచగా పరిచి, తడి ఆరకుండా, నీడలో వారం రోజులు గాలికి వదిలి, మళ్లీ పరీక్షించండి. వేర్లు పెరిగితే దోషి ఆమ్లమో అమ్మోనియానో. అప్పుడు "ఇంకో నెల ఆగండి" సలహా సరైనదే. పెరగకపోతే ఇంకొంత తీసి నీళ్లతో బాగా కడిగి పరీక్షించండి. ఇప్పుడు పెరిగితే ఉప్పు. కలుపు మందుకు మాత్రం ఈ పళ్లెం పరీక్ష చాలదు. మట్టి, కంపోస్టు కలిపిన కుండీలో చిక్కుడు గింజలు, పక్కనే ఉత్త మట్టి కుండీలో ఇంకొన్ని వేసి, మూడు నాలుగు ఆకులు వచ్చేదాకా చూడాలి.

ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న: మేము పరీక్షించినప్పుడు బాగానే ఉంది సార్. బస్తాలో మూడు నెలలు ఉంచి తీస్తే మొలకలు చచ్చిపోయాయి.

ప్లాస్టిక్ బస్తా, మూతి బిగించి కట్టారు కదా? తడిగా ఉన్నదాన్ని గాలాడకుండా బిగిస్తే లోపల ఆక్సిజన్ అయిపోయి ఆమ్లాలు మళ్లీ తయారవుతాయి. చెక్కపొట్టు కుప్పల్లో ఇలా పులిసి పీహెచ్ 3 దగ్గరికి పడిపోవడం కూడా ఉంది. కంగారేం లేదు, పరిచి గాలి తగలనివ్వండి, కొద్ది రోజుల్లో పోతుంది. దీన్నే పరీక్షగానూ వాడొచ్చమ్మా. తడి కంపోస్టు గుప్పెడు కవర్లో బిగించి వారం తర్వాత తెరవండి. పుల్లటి వాసన వస్తే అది ఇంకా మాగలేదు. మట్టి వాసనే ఉంటే మాగింది.

ప్రశ్న: పచ్చి కంపోస్టు మొలకను ఆపుతుంది కదా, కలుపు గింజలను ఆపడానికి వాడకూడదా?

వాడొచ్చు, ప్రయత్నించారు కూడా. ఫ్లోరిడాలో 1990లలో నగర వ్యర్థాలతో చేసిన పచ్చి కంపోస్టును కూరగాయల వరుసల మధ్య దళసరిగా పరిచి చూశారు, కలుపు మొలకలు తగ్గాయి. ఎసిటిక్ ఆమ్లానికి అందులో భాగముంది, దళసరి పొర వెలుతురు ఆపడానికీ భాగముంది. అయితే వేడెక్కని కుప్పలో కలుపు గింజలు బతికే ఉంటాయి. కలుపు అణచడానికి పరిచిన కంపోస్టే కొత్త కలుపును తెచ్చిపెట్టొచ్చు. కుప్పను 55 డిగ్రీలు దాటించి, కొన్ని రోజులు నిలిపి, తిరగేసి, అన్ని వైపులా వేడి తగిలేలా చూసి, మాగకముందే వరుసల మధ్య పరచండి. నాటిన మొక్క మొదలుకు తగలకుండా ఒక జానెడు దూరం వదలండి. వరుసలో నేరుగా గింజలు వేసే పంటల దగ్గర మాత్రం వద్దు, నీళ్లు పెట్టినప్పుడు ఆ రసం పక్కకు దిగుతుంది.